తడి గోనె కింద

విస్తరి తిరగేశాను. అప్పటికే వడ్డించే అతను అన్నం గిన్నె పట్టుకుని నా పక్కామె దాకా వచ్చేశాడు. నేనేమో విస్తరిని బోర్లా పెట్టి అంచు వెంబడి వేలితో తడుముతున్నాను. ఒక గీత తగిలింది. దాని లోపల, గోరంత దూరంలో, ఇంకో గీత. ఉంది. మా షెడ్డుదే.

"ఏందే పిల్లా, తినే విస్తరి బోర్లిస్తవ్?" పక్కన కూర్చున్న అవ్వ గదిమింది. "దినం భోజనం కాడ గట్ల చెయ్యొద్దు."

"చూస్తున్నంతే అవ్వా."

"ఆకుల ఏం చూస్తవ్? వెనకాల బంగారం గిట్ల అతికించిన్రా?"

వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వి, దినం కదా అని గుర్తొచ్చి ఆపుకున్నారు. నేను విస్తరి మళ్లీ తిప్పి నీళ్లు చల్లాను. అన్నం పడింది, పప్పు పడింది. కలిపి ముద్ద చేతిలోకి తీసుకున్నాను.

ఈ తిరగేసే బుద్ధి నాది కాదండీ. ఆ రోజు ఎవరి దినం తింటున్నామో ఆమెది. ఏ పెళ్లికి పిలిచినా, ఎంత గొప్పవాళ్లు పిలిచినా, పంక్తిలో కూర్చోగానే ఆమె మొదట విస్తరి తిరగేసేది. అంచు చూసేది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. ఒక్కోసారి చించి కూడా చూసి, "ఇంకొకటి వెయ్ బాబూ, ఇది చిరిగింది" అని వడ్డించేవాడినే అడిగేది. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

"పెళ్లోళ్లు ఏమనుకుంటరు పెద్దమ్మా?"

"ఏమనుకుంటారే, ముసల్దానికి మతి లేదనుకుంటారు. అనుకోనీ. మతి లేని దాని ముందు ఎవరూ ఏదీ దాచరు."

పెద్దమ్మ అని షెడ్డులో అందరం పిలిచేవాళ్లం. వాళ్లు కోస్తా వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ భూములు కొనుక్కుని స్థిరపడినవాళ్లు. మాట కూడా సగం అక్కడిది, సగం ఇక్కడిది. బూర్గంపాడులో విస్తర్ల షెడ్డు ఆమె పెట్టిందే. మాది కారేపల్లి. నేను పదో తరగతి తప్పి, పెళ్లయి ఇక్కడికి వచ్చిన ఏడాది నుంచి ఆ షెడ్డులోనే ఉన్నాను.

మా పని పెద్ద చిక్కుదేం కాదు. అడవి ఊళ్లవాళ్లు అడ్డాకు కోసి, ఆరబెట్టి, కట్టలు కట్టి ఆటోలో పంపుతారు. కొందరు ఆడవాళ్లు ఆకుకు ఆకు కలిపి కుట్టు మెషిన్ మీద కుడతారు. కుట్టింది మా దగ్గరికి, ప్రెస్సు మీదికి వస్తుంది. పైన ఒక ఇనప అచ్చు, కింద ఒక ఇనప అచ్చు, రెండూ కరెంటుతో కాలుతుంటాయి. మధ్యలో ఆకు పెట్టి కాలితో తొక్కితే అచ్చులు రెండూ కలుసుకుంటాయి. కాలు తీస్తే అంచులు లేచిన విస్తరి బయటికి వస్తుంది. అంతే. వేసవిలో ఆ వేడి ముందు నిలబడితే మాత్రం తెలుస్తుంది, అంతేనా కాదా అన్నది.

పెద్దమ్మ కొప్పులో పువ్వు నేనెప్పుడూ చూడలేదు. కరెంటు టెస్టర్ ఉండేది. పసుపు పిడి టెస్టర్, జుట్టు ముడిలో అడ్డంగా గుచ్చి. మాట్లాడుతూ మాట్లాడుతూ తీసేది, ఏ ప్లగ్గులోనో పెట్టి చూసేది, మళ్లీ గుచ్చుకునేది. గుడికి కూడా దానితోనే పోయిందని ఒకసారి వాళ్ల కోడలు తల పట్టుకుంది. షెడ్డులో ఆమెకి కూర్చోవడం రాదు. టీ నిలబడి తాగేది. అన్నం కూడా నిలబడే, డబ్బా చేతిలో పట్టుకుని, ప్రెస్సుల మధ్య తిరుగుతూ తినేది. "కూర్చో పెద్దమ్మా" అంటే, "కూర్చుంటే మోకాళ్లకి అలవాటైపోతుందే" అనేది.

కొత్త మెషిన్ అంటే ఆమెకి పిచ్చి. ముసలాళ్లు కొత్తది వద్దంటారు కదా, ఈమె తిరగబడి పుట్టింది. హైదరాబాదులో మెషిన్ల ఎగ్జిబిషన్ అని ఎవరన్నా చెబితే చాలు, పొద్దున్నే బస్సెక్కేది. సంచి నిండా రంగు రంగుల కాగితాలు తెచ్చి, మా అందరి ముందు పరిచి, "చదవవే అమ్మాయ్, ఇదేం అంటోంది" అని నన్ను కూర్చోబెట్టేది. సగం ఇంగ్లీషు నాకూ వచ్చేది కాదు. బొమ్మలు చూసి ఇద్దరం వాదించుకునేవాళ్లం.

కానీ కొనడం దగ్గరికి వచ్చేసరికి ఆమె పద్ధతి వేరు. అమ్మేవాళ్లు వచ్చి గంటకి ఇన్ని విస్తర్లు, రోజుకి ఇన్ని అని చెబుతారు కదా. అంతా వినేది, తల ఊపేది. చివరికి ఒక్కటే అడిగేది.

"శ్రావణంలో ఎన్ని చేస్తుంది బాబూ?"

"శ్రావణం ఏంటి మేడం? ఎప్పుడైనా అంతే స్పీడు."

"ఎప్పుడైనా అంతే అంటే నీకు శ్రావణం తెలీదు."

ఆమె లెక్క ఇది. ఎండాకాలం అందరి ఆకూ ఎండే ఉంటుంది, అందరి విస్తరీ బాగానే వస్తుంది. అప్పుడు ఎవరు ఎవరి దగ్గర కొన్నా ఒకటే. శ్రావణంలో పెళ్లిళ్లు ముమ్మరంగా ఉంటాయి, గోదావరి నిండుగా ఉంటుంది, గోడలు చెమ్మగా ఉంటాయి, ఆకు మెత్తబడుతుంది. మెత్తటాకు విస్తరి బూజు పడుతుంది, లేకపోతే కారుతుంది. అప్పుడు మంచి విస్తరి ఎవరి దగ్గర ఉంటే, వంటవాళ్లు ఖమ్మం నుంచైనా వాళ్లనే వెతుక్కుంటూ వస్తారు. "మనం కొనేది మెషిన్ కాదే, శ్రావణం కొంటున్నాం" అనేది. నాకు మొదట్లో ముసలామె చాదస్తం అనిపించేది.

అందుకని కొత్త మెషిన్ ఏది వచ్చినా దానికి తడాకు పరీక్ష. ముందురోజు సాయంత్రం ఆకు కట్టలు మూలకి పేర్చి, పైన తడిపిన గోనె సంచులు కప్పాలి. తెల్లారేసరికి ఎండాకాలం ఆకు కూడా శ్రావణం ఆకులా మెత్తగా, చల్లగా అవుతుంది. ఆ ఆకుతో మెషిన్ నడపాలి. అది కూడా చురుకైన వాళ్లు కాదు, ముత్తక్క నడపాలి.

ముత్తక్క అడవి ఊరామె. రోజూ ఆటోలో వస్తుంది. ఇంట్లో వాళ్ల కోయ మాట, షెడ్డులో మా మాట నాలుగు ముక్కలు. మా అందరిలోకీ ఆమెదే నిదానం చెయ్యి. నేను మూడు తీసే టైంలో ఆమె రెండు తీస్తుంది. నేను ఎగతాళి చేసేదాన్ని కూడా.

"ముత్తక్కా, నీ విస్తరి అయ్యేసరికి పెళ్లికొడుక్కి మనవలు పుడతరు."

ఆమె నవ్వేది. "పుట్టనీ. ఆళ్లు తింటరు."

"పెద్దమ్మా, పరీక్షకి నన్ను కూసోబెట్టు, మెషిన్ ఎట్ల పరుగెడ్తదో చూపిస్త" అని ఎన్నిసార్లు అడిగానో. ఆమె టెస్టర్‌తో తల గోక్కుని, "మంచాకు పెట్టి, నీలాంటి దాన్ని కూర్చోబెడితే మడతమంచం కూడా విస్తరి కుడుతుందే" అనేది.

నాలుగేళ్ల కిందట వేసవిలో టైమర్ ప్రెస్సు వచ్చింది. కాలితో తొక్కే పని లేదు. ఆకు పెట్టి బటన్ నొక్కితే అదే దిగుతుంది, ఇన్ని సెకన్లు అని పెడితే అన్ని సెకన్లు నొక్కి అదే లేస్తుంది. నేను చూసి మనసు పారేసుకున్నాను. అప్పటికి నా కుడి మోకాలు రోజూ సాయంత్రం వాచేది. ముంజేతుల మీద కాలిన మచ్చలు. పెద్దమ్మ ఏమో, "ఇది పాసైతే నువ్వే నడుపుదువు" అంది. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

మేం రెండు రోజులు మామూలు ఆకుతో నడిపి చూశాం. ఎంత చక్కగా వచ్చిందని! మూడో రోజు తడాకు పరీక్ష. ఆకు తడపమని నాకే చెప్పింది పెద్దమ్మ. ముందురోజు సాయంత్రం అందరూ వెళ్లిపోతున్నారు. గోనెలు బకెట్లో ముంచాను. ముంచి, పిండి, కట్టల దగ్గరికి వచ్చి నిలబడ్డాను. రేపు ఈ మెత్తటాకు పెడితే మెషిన్ ఫెయిలవుతుంది, పెద్దమ్మ పంపేస్తుంది, నేను మళ్లీ ఈ పెడల్ మీదే అనుకున్నాను. పక్కనే ఖాళీ యూరియా సంచి పడి ఉంది. దాని లోపల ఉండే ప్లాస్టిక్ కవరు లాగాను. కోసి వెడల్పు చేసి కట్టల మీద పరిచాను. దాని పైన తడి గోనెలు కప్పాను.

పొద్దున్నే పెద్దమ్మ వచ్చి గోనె మీద చెయ్యి పెట్టింది. తడిగా, చల్లగా ఉంది. "బాగా తడిపావే" అంది. నేను గబగబా కట్టలు తీసి ముత్తక్క ముందు పెట్టాను, కవరు చుట్టచుట్టి మూలకి తోసేశాను. ముత్తక్క ఆకు పట్టుకుని ఒకసారి నా వైపు చూసింది. ఆమె చేతికి తెలీదా, తడాకేదో పొడాకేదో? తెలుసు. అయినా ఆకు మెషిన్‌లో పెట్టి బటన్ నొక్కింది. మెషిన్ పాసైంది. పెద్దమ్మ అందరికీ సేమియా పాయసం పెట్టించింది. నేను రెండు గ్లాసులు తాగాను.

ఒక్క పని మాత్రం ఆమె మార్చుకోలేదు. కొత్తది వచ్చిందని పాత పెడల్ ప్రెస్సుల కరెంటు తీయనివ్వలేదు. "ఒక శ్రావణం పక్కపక్కనే నడవనీ, ఆ తర్వాత చూద్దాం" అంది. అందుకని నేను మహారాణిలా బటన్ నొక్కుతుంటే, పక్కన ముత్తక్క తన పాత దాని మీద తొక్కుతూనే ఉంది.

శ్రావణం వచ్చింది. తల్లాడలో ఒక పెద్ద పెళ్లి. విస్తర్లన్నీ నా మెషిన్‌వే పంపాం. పెళ్లిరోజు పొద్దున టిఫిన్ల వేళకి ఫోను. ఉప్మా వేస్తే విస్తరి వంగిపోతోందట. పెద్దమ్మ ఫోను పెట్టేసి, పాత ప్రెస్సు మీద ముత్తక్క చేసిన కట్టలన్నీ ట్రాలీ ఆటోలో వేయించింది. నన్ను కూడా ఎక్కమంది. దారంతా వాన. టార్పాలిన్ కొస పట్టుకుని కూర్చున్నాను. ఆమె డ్రైవరు పక్కన కూర్చుని, "జల్దీ పోనీ అబ్బాయ్" అని ప్రతి మలుపు దగ్గరా అంటూనే ఉంది.

మేం వెళ్లేసరికి మొదటి పంక్తి నడుస్తోంది. సాంబారు వడ్డిస్తున్నారు. విస్తరి కింద నుంచి సన్నగా కారి, బల్ల మీద పరిచిన కాగితం తడిసి, తెల్ల పంచె కట్టుకున్న ఒకాయన ఒళ్లో పడింది. ఆయన లేచి నిలబడ్డాడు.

"ఎవరు పంపిన్రు ఇవి? విస్తర్లా, జల్లెడలా?"

"నేను పంపాను" అంది పెద్దమ్మ.

"మీరా? ఏం సామాను తల్లీ ఇది? ఆడపిల్ల పెళ్లి మాది!"

అంతమంది చూస్తున్నారు. నేనైతే ఆటో వెనక్కి పోయి దాక్కునేదాన్ని. ఆమె ఏం చేసిందో తెలుసా? ఆటోలోంచి కట్టలు దింపించి తర్వాతి పంక్తికి ఇవి వేయమని వంటవాళ్లకి చెప్పింది. చెప్పి, నేరుగా వెళ్లి ఆ పంచె ఆయన లేచిన కుర్చీలోనే కూర్చుంది. పని ఉన్నచోట ఎప్పుడూ కూర్చోని మనిషి. కారుతున్న ఆ విస్తర్లలోదే ఇంకొకటి వేయించుకుంది. అన్నం, సాంబారు వేయించుకుంది. కారుతుంటే చీర కుచ్చెళ్లు తడుస్తున్నా జరగలేదు. మొత్తం తింది. పెరుగన్నం దాకా తింది. తిని, విస్తరి మడిచి లేచి, చెయ్యి కడుక్కుని ఆ పంచె ఆయన దగ్గరికి వచ్చి, "నా విస్తరిలో నేను తిన్నాను బాబూ. ఎట్లా ఉందో తెలిసింది. తప్పు నాది" అంది.

ఆయన, "సరే తీయమ్మా" అన్నాడు. తర్వాతి పంక్తిలో ముత్తక్క విస్తర్లు ఒక్కటీ కారలేదు. కానీ ఆ వైపు నుంచి మళ్లీ మాకు పిలుపు రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగింది. "ఆ రోజు ఆకు తడిపింది నువ్వే కదే?"

"అవ్ పెద్దమ్మా. నేనే తడిపిన."

"మంచిగా తడిసిందా?"

"తడిసింది పెద్దమ్మా."

"ఊఁ" అంది. టెస్టర్ తీసి మళ్లీ గుచ్చుకుంది.

మర్నాడు మెషిన్ అమ్మినతనికి ఫోను చేసింది. అతను భయపడి, వెనక్కి తీసుకుపోతామని అంటున్నట్టున్నాడు. "వద్దు బాబూ, తప్పు నీ మెషిన్‌ది కాదు" అంది గట్టిగా. నేను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. ఎవరిదో చెబుతుందేమోనని చెవులు రిక్కించాను. చెప్పలేదు.

మధ్యాహ్నం అన్నం తినడానికి గూట్లోంచి డబ్బా తీయబోయాను. డబ్బా కింద ఏదో ఉంది. యూరియా కవరు. కడిగి, ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి ఉంది.

ఎవరు పెట్టారు? ఆమేనా? ఊడ్చేవాళ్లు పనికొస్తుందని పెట్టారా? నాకు ఇప్పటికీ తెలీదు. నేను అడగలేదు, ఆమె అనలేదు. ఆ రోజు నుంచి నాలుగేళ్లు, ఆమె నా వైపు వచ్చిన ప్రతిసారీ ఇప్పుడు అడుగుతుంది, ఇదిగో ఇప్పుడు తిడుతుంది అని ఎదురుచూసేదాన్ని. తిట్టేసినా బాగుండు! తిట్లు అయిపోతే మనిషికి నిద్ర పడుతుంది. ఆమె తిట్టకపోగా, "ఇకమీద పరీక్ష ఆకు ఎప్పుడూ నువ్వే తడపాలే" అంది. ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు.

ఆ శ్రావణమంతా ఆమె టైమర్ ప్రెస్సు ముందే ఉంది. సెకన్లు పెంచి చూసింది, ఆకు మాడింది. తగ్గించి చూసింది, కారింది. మెషిన్ చుట్టూ తిరిగి తిరిగి, ఒకరోజు ముత్తక్క వెనకాల నిలబడిపోయింది. చాలాసేపు ఆమె చేతుల వైపు కాదు, కాలి వైపు చూసింది.

"అమ్మాయ్, ఇట్రా. దాని కాలు చూడు."

చూశాను. ముత్తక్క పెడల్ తొక్కుతుంది. సగంలో కాలు చిన్నగా ఎత్తుతుంది. అచ్చు మధ్యలోంచి బుస్సుమని ఆవిరి పోతుంది. మళ్లీ తొక్కుతుంది. మేమందరం నిదానం అనుకున్నది ఇదే.

"ఎందుకట్ల ఎత్తుతవ్ ముత్తక్కా?"

"ఆకుల నీళ్లుంటయి కద. పోనియ్యాలె. మూత దియ్యకుంటే కుండల పొంగదా?" అంది ముత్తక్క, ఇది కూడా అడగాలా అన్నట్టు.

"ఇన్నేళ్లల్ల ఎన్నడన్న చెప్పినవా?"

"నువ్వు అడిగినవా?"

పెద్దమ్మ పకపకా నవ్వింది. తల్లాడ తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. భద్రాచలం నుంచి మెకానిక్‌ని పిలిపించింది. ముత్తక్కని తీసుకొచ్చి మెషిన్ పక్కన నిలబెట్టి, "నీ కాలు ఏం చేస్తుందో ఇతనికి చూపించు. ఇతను దీనికి నేర్పుతాడు" అంది. అతను రెండు రోజులు తంటాలు పడి, అచ్చు దిగి, సగంలో ఒకసారి లేచి, ఆవిరి వదిలి, మళ్లీ దిగేటట్టు చేశాడు. రెండుసార్లు నొక్కుతుంది కాబట్టి అంచున రెండు గీతలు పడతాయి. అప్పటి నుంచి వంటవాళ్లు వానల్లో మా విస్తరే అడుగుతారు, పేరు పెట్టి. "రెండు గీతలది ఉందా అమ్మా?" అని.

ఇదంతా ఆమె దినం నాడు, పంక్తిలో, ముద్ద చేతిలో పట్టుకుని నా తలలో గిర్రున తిరుగుతోంది.

భోజనాలయ్యాక పెద్దమ్మ కోడలు నన్ను పక్కకి పిలిచింది. ఇప్పుడు షెడ్డు ఆమెదే. డిగ్రీ చదివింది, మంచిదే, మమ్మల్ని ఎప్పుడూ తక్కువ చేసి మాట్లాడలేదు. మేడం అంటాం.

"రేపు పొద్దున ఫుల్ ఆటోమేటిక్ వాళ్లు వ్యాన్‌లో మెషిన్ తెస్తున్నారు. డెమో చూసి సైన్ చేసేద్దాం అనుకుంటున్నా. వాళ్లు మధ్యాహ్నం వేరే ఊరు పోవాలంట. పాత ప్రెస్సులన్నీ ఇచ్చేస్తే దాని మీద తగ్గిస్తారంట."

"పాతయి అన్నీనా మేడం?"

"షెడ్డులో చోటు లేదు కదా. చుట్టుపక్కల ఫ్యాక్టరీ ప్లేట్లు ఎట్లా వచ్చేశాయో చూస్తున్నావుగా. స్పీడు లేకపోతే మనం ఉండం. అత్తమ్మ ఉన్నా కొనేదే. ఆస్పత్రి మంచం మీద కూడా దీని వీడియో చూసింది తెలుసా?"

"కొనేదే మేడం" అన్నాను. అది నిజం. ఆమె అయితే నాకంటే ముందు మురిసిపోయేది. "తడాకు పరీక్ష?"

"అదేం అక్కర్లేదంట. ఆకు కూడా వాళ్లే తెస్తున్నారు, రెడీగా."

ఆకు వాళ్లే తెస్తున్నారు! మూడు నెలల్లో శ్రావణం. పాత ప్రెస్సులు ఉండవు. కొత్తది ఆవిరి వదలకపోతే ఈసారి ట్రాలీ ఆటోలో వేసుకుపోవడానికి ముత్తక్క కట్టలు కూడా ఉండవు. అప్పుడు నోరు తెరిచి చెప్పాల్సింది, మేడం ఒకసారి నేనే ఇట్లా చేశాను అని. నోటి దాకా వచ్చింది. లోపలి నుంచి ఎవరో పిలిస్తే ఆమె వెళ్లిపోయింది. నేను ఊరుకున్నాను. మళ్లీ ఊరుకున్నాను చూశారా!

ఇంటికి పోతే కాలు నిలవలేదు. పొయ్యి మీద పాలు పొంగించాను. మా ఆయన, "ఏమైంది నీకు, కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అన్నాడు. పొద్దు ఇంకా ఉంది. చెప్పులు వేసుకుని షెడ్డుకి పోయాను. తాళంచెవి నా దగ్గర ఒకటి ఉంటుంది. కొత్తగా వచ్చిన ఆకు కట్టల్లోంచి మూలకి ఎనిమిది పేర్చాను. గోనెలు బకెట్లో ముంచాను, సగం పిండి కప్పాను. గూట్లో చెయ్యి పెట్టి చూశాను. యూరియా కవరు అక్కడే ఉంది, ఆ నాలుగు మడతల్లోనే. నాలుగేళ్లుగా పారేయడానికీ ధైర్యం చాలలేదు, వాడడానికీ చాలలేదు. దాన్ని తీసి కొంగులో కట్టుకున్నాను.

మర్నాడు పొద్దున వ్యాన్ వచ్చింది. ఇస్త్రీ చొక్కా కుర్రాడు మెషిన్ దింపించి, బాక్సులోంచి తన ఆకు తీశాడు. గలగలమని చప్పుడు చేస్తోంది, అంత ఎండిన ఆకు. మెషిన్ మాత్రం ఎంత బాగుందో, అబద్ధం ఎందుకు చెప్పాలి. టకటకమని ఊడిపడుతున్నాయి విస్తర్లు. మేడం మొహం వెలిగింది. కుర్రాడు పెన్ను తీశాడు.

"ఆగు తమ్మీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "మా ఆకుతోటి ఒకపారి నడుపు."

"అక్కా, టైం లేదు. ఏ ఆకైనా ఒకటే."

"శ్రావణంల గూడానా?"

మేడం నా వైపు కోపంగా చూసింది. "నిన్ననే చెప్పాను కదా. ఇప్పుడెందుకు?"

"మేడం, తల్లాడ పెళ్లి యాదికున్నదా?"

"అది అయిపోయింది. ఆ మెషిన్ అప్పుడు సెట్ కాలేదు."

"మెషిన్ మంచిదే మేడం. పరీక్ష నాడు నేను ఆకు తడపలే." కొంగు విప్పి కవరు తీసి ఆమె చేతిలో పెట్టాను. "గోనె తడిపి, గోనె కింద ఇది పరిచిన. పెద్దమ్మ పైన చెయ్యి పెట్టి చూసింది. ఆకు పొడిగనే ఉండె. ఆ మెషిన్ నాకు కావాలని చేసిన. పెద్దమ్మ అడిగితే గూడా తడిపిన అనే చెప్పిన."

షెడ్డులో కుట్టు మెషిన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మేడం కవరు వైపు చూస్తోంది, నా వైపు చూస్తోంది. కుర్రాడు పెన్ను మూత పెట్టాలో వద్దో తెలీక పట్టుకుని నిలబడ్డాడు. ముత్తక్క ఒక్కతే తన పెడల్ వదిలి, చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి, కొత్త మెషిన్ ముందున్న స్టూలు జరుపుకుని కూర్చుంది.

నేను మేడం చెయ్యి పట్టుకుని మూలకి తీసుకుపోయాను. ఆమె గోనె మీద చెయ్యి వేయబోయింది.

"పైన కాదు మేడం" అని గోనె మొత్తం ఎత్తి పక్కకి పడేసి, ఆమె చేతిని కట్ట లోపలికి, మధ్య ఆకుల్లోకి, మణికట్టు దాకా దూర్చాను.